వంతెనను కూల్చినది అనునాదమేనా?

ఉన్నత పాఠశాలలోనైనా, జూనియర్ కళాశాలలోనైనా కంపనములను గూర్చిన పాఠము ముగింపునకు వచ్చుసరికి మూడు కథలు ఎదురగును. సైనికులు వంతెనపై అడుగు కలిపి నడవరాదనునది మొదటిది. అమెరికాలో టకోమా అను చోట గాలికి ఊగి కూలిన వంతెన రెండవది. భూకంపము వచ్చినపుడు పొట్టి ఇండ్లకును, మిక్కిలి ఎత్తైన భవనములకును హాని ఉండదు, మధ్యరకపు ఎత్తు గలవే కూలుననునది మూడవది. మూడింటికిని పుస్తకములు చెప్పు కారణమొక్కటే. బయటి బలము యొక్క పౌనఃపున్యము వస్తువు యొక్క సహజ పౌనఃపున్యముతో సమానమైనది, కావున అనునాదము కలిగినది. విద్యార్థి దీనిని కంఠస్థము చేయును, పరీక్షలో వ్రాయును, మార్కులు తెచ్చుకొనును.

ఈ మూడింటిలో మొదటిది సగము నిజము. రెండవది, పుస్తకములు చెప్పుచున్న రూపములో, నిజము కాదు. మూడవది ఒక నగరములో ఒక దినమున నిజమైనది. దానిని అన్ని చోట్లకు వర్తించు సూత్రముగా నేర్పుట ప్రమాదకరమని నా అభిప్రాయము.

ముందుగా మాటల అర్థము సరిచూచుకొందము. స్ప్రింగునకు ఒక బరువు వ్రేలాడదీసి, కొంచెము క్రిందికి లాగి విడిచినచో అది తనంతట తాను పైకి క్రిందికి ఊగును. ఎక్కువ లాగినను తక్కువ లాగినను సెకండుకు ఎన్నిసార్లు ఊగునో ఆ సంఖ్య మారదు. అదియే దాని సహజ పౌనఃపున్యము. స్ప్రింగు బిరుసు హెచ్చినకొలది ఈ సంఖ్య హెచ్చును, తగిలించిన ద్రవ్యరాశి హెచ్చినకొలది తగ్గును. తరగతిలో ఉపయోగపడు చిన్న లెక్క ఒకటి కలదు. బరువు తగిలించి వదలినపుడు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు సాగి నిలిచినదో కొలిచి, ఆ సంఖ్య వర్గమూలముతో 5ను భాగించినచో సెకండుకు ఎన్ని డోలనములో రమారమిగా వచ్చును. 4 సెం.మీ. సాగిన స్ప్రింగు సెకండుకు రెండున్నర సార్లు, అనగా పది సెకండ్లలో 25 సార్లు ఊగవలెను. గడియారము చేతబట్టి పిల్లలచేత లెక్కింపజేసినచో సూత్రముపై వారికి నమ్మకము కుదురును.

ఇక అనునాదము. ఇంజను తిరుగుచుండగా నిలిచియున్న ఆర్.టి.సి. బస్సులో ఒక కిటికీ అద్దము గడగడలాడుట అందరికిని అనుభవమే. డ్రైవరు వేగము పెంచగానే ఆ అద్దము ఊరుకొనును. దానికి బదులు వెనుక సీటు క్రింది రేకు మొదలుపెట్టును. ఇంజనుకు తనదైన లయ ఉన్నది. ఆ లయ అద్దపు సహజ పౌనఃపున్యముతో కలిసినంతసేపు అద్దము ఆడినది, దాటిపోగానే ఆగినది. దీనిని మనము గురుతుగా పెట్టుకొనవలెను. బయటి బలమునకు తన లయ ఉండుట, ఆ లయ సరిపోయినపుడే కంపనము పెరుగుట, దాటిన తరువాత తగ్గుట, ఇవి అనునాదమునకు లక్షణములు. అప్పుడు కూడ కంపన పరిమితి అంతులేకుండ పెరుగదు. ఘర్షణ మొదలైన అవరోధములు దానిని ఒక మేరకు నిలుపును. అవరోధము సందిగ్ధ విలువలో నూరవవంతైనచో, నిలకడగా నొక్కిన బలము కలిగించు వంపునకు 50 రెట్లు వరకు పెరుగును. ఇరువదవవంతైనచో 10 రెట్లు మాత్రమే.

సహజ పౌనఃపున్యముతో కంపించు వస్తువులన్నియు ఈ తీరుననే కంపించునా? వయొలిన్ విద్వాంసుడు కమానును తీగపై నిదానముగా లాగును. కమానుకు సెకండుకు నాలుగువందలు అను లయ ఏదియు లేదు. అయినను తీగ తన సహజ పౌనఃపున్యముతో మ్రోగును. కమాను వేగము పెంచినచో ధ్వని హెచ్చును గాని స్వరము మారదు. పిల్లనగ్రోవిలోనికి ఊదు గాలికిని అట్టి లయ లేదు. నల్లబల్లపై సుద్దముక్క కీచుమనుటయు ఇట్టిదే. ఉపాధ్యాయుని చేయి సెకండుకు వేయిసార్లు కదలుట ఎవరును చూచియుండరు! ఈ తరగతిలో బయటినుండి వచ్చునది నిలకడయైన శక్తి. లయను వస్తువే సమకూర్చుకొనును. తన కదలికచేతనే తనపై పడు బలమును మార్చుకొని, ప్రతి ఊపులోను ఇంచుక శక్తిని లాగుకొనును. దీనిని స్వయంప్రేరిత కంపనము అందురు. అవరోధము శక్తిని హరించుటకు మారుగా చేర్చుచున్నట్లు ఉండును గనుక ఋణావరోధమనియు అందురు.

రెండు తరగతులలోను కనబడునది సహజ పౌనఃపున్యమే. చిక్కంతయు ఇచటనే ఉన్నది. ఒక వస్తువు తన సహజ పౌనఃపున్యముతో ఊగుచున్నదన్నంత మాత్రమున దానిని ఊపుచున్నదానికి కూడ అదే పౌనఃపున్యము ఉన్నదని తీర్మానించరాదు. పాఠ్యపుస్తకములు ఆ తీర్మానమే చేయుచున్నవి.

సైనికుల కథను త్వరగా ముగింతును. 1831 ఏప్రిల్ 12న ఇంగ్లండులో మాంచెస్టరు సమీపమున బ్రాటన్ వద్ద 74 మంది సైనికులు గల దళము ఒకటి వ్రేలాడు వంతెనను దాటుచు, అది తమ అడుగులకు ఊగుట గమనించి, వేడుకపడి మరింత కలిపి నడచినారట. వంతెన ఒక కొన కూలినది. పలువురు గాయపడిరి గాని ఎవరును మరణింపలేదు. తరువాత చూడగా గొలుసును పట్టియుంచిన బోల్టు ఒకటి లోపముగలదై యున్నది. అడుగుల లయ కారణమనుట న్యాయమే. అయితే బోల్టు సంగతి పుస్తకములో ఉండదు. 1850 ఏప్రిల్ 16న ఫ్రాన్సులోని ఆంజే పట్టణమున మేన్ నదిపై వంతెన కూలి రెండువందలకు పైగా సైనికులు చనిపోయినారు. అప్పటికే అడుగు విడదీసి నడువుడని ఉత్తరువు ఉన్నది! ఆనాడు పెనుగాలి వీచుచున్నది. వంతెన తీగలు నేలలో పాతిన చోట త్రుప్పుపట్టియున్నవి. అడుగు విడదీసినంత మాత్రమున ఆ సైనికులు బ్రతుకలేదు. ఈ రెండవ కథ చెప్పని పుస్తకము మొదటి కథను ఎంత నమ్మకముగా చెప్పినను నాకు తృప్తి కలుగదు.

టకోమా కథ విషయములో మాత్రము నిదానించవలసి యున్నది.

వాషింగ్టన్ రాష్ట్రములో సముద్రపు పాయపై కట్టిన ఆ వంతెనను 1940 జులై 1న తెరచినారు. నడిమి భాగము పొడవు 2,800 అడుగులు, వెడల్పు 39 అడుగులు మాత్రమే. పొడవు వెడల్పునకు రమారమి 72 రెట్లు. దానికి బిరుసునిచ్చుటకు రెండు ప్రక్కల నిలిపినవి 8 అడుగుల ఎత్తు గల, రంధ్రములు లేని ఉక్కు పలకల దూలములు. అంత పొడవైన వంతెనకు అవి చాల సన్నము. పైగా గాలి వానిగుండ దూరిపోవుటకు సందులేదు. కట్టుచున్న దినములనుండియే వంతెన అలలవలె పైకి క్రిందికి ఊగుచుండెడిది. ప్రజలు దానికి దుముకులాడు గెర్టీ అని ముద్దుపేరు పెట్టి, ఆ ఊపును అనుభవించుటకై కార్లలో వచ్చెడివారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫార్కర్‌సన్ ఆచార్యుడు నమూనాలు చేయించి పరీక్షించుచు, నివారణోపాయమును వెదకుచుండెను.

నవంబరు 7న ఉదయమున గాలి గంటకు 42 మైళ్ళ వేగముతో వీచుచున్నది. అది తుఫాను కాదు. వంతెన ఎప్పటివలె పైకి క్రిందికి అలలుగా, నిముషమునకు 36 మొదలు 38 సార్ల వరకు ఊగుచున్నది. పది గంటలు దాటిన కొలది సేపటికి నడుమ నున్న ఒక తీగకట్టు జారినది. వెంటనే ఊపు తీరు మారిపోయినది. నడిమి భాగము రెండు సగములుగా, ఒకటి కుడికి ఒరిగినపుడు రెండవది ఎడమకు ఒరుగుచు, మెలిక తిరుగజొచ్చినది. అది మొదట నిముషమునకు 14 సార్లు, తరువాత 12 సార్లు. రోడ్డు ఒక్కొక్కప్రక్కకు 45 డిగ్రీలవరకు ఒరిగినది. ఫార్కర్‌సన్ రోడ్డు నట్టనడుమ గీత వెంబడి నడచి వచ్చుట ఆనాటి చిత్రములలో కనబడును. మెలికలో ఆ గీత రమారమి కదలని రేఖ గనుక అదియే క్షేమమైన దారి. పిల్లలకు నిష్పంద రేఖను గూర్చి చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నేనెరుగను. పదునొకండు గంటల వేళకు నడిమి భాగము నీటిలో పడినది. మనుష్యులెవరును చావలేదు. ఒక కారులో చిక్కుకొన్న కుక్క మాత్రము చనిపోయినది.

పుస్తకములు చెప్పు వివరణమును ఇప్పుడు పరీక్షింతము. గాలి తరచుగా చెప్పునట్లు లయగా వీచలేదు. అది రమారమి నిలకడగా వీచినది. కొన్ని పుస్తకములు ఇంకొంచెము లోతుగా పోయి, దూలము వెనుక పైన ఒకటి క్రింద ఒకటిగా సుడులు విడుచుటయే ఆ లయ అని చెప్పును. సుడుల లయను లెక్కించుట కష్టము కాదు. గాలివేగమును దూలపు ఎత్తుతో భాగించి, ఆ ఆకారమునకు తగిన ఒక సంఖ్యతో, ఇచట సుమారు 0.11తో, గుణింపవలెను. వేగము సెకండుకు 19 మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు అనుకొన్నచో సెకండుకు రమారమి ఒకటి వచ్చును. వంతెన మెలిక తిరిగినది అయిదు సెకండ్లకు ఒకసారి. అనగా ఒక ఊపులో సుడులు నాలుగైదు సార్లు విడువబడును. ఊయల ఒకసారి పోయి వచ్చులోపల ఎదురుగా వచ్చునపుడును, వెళ్ళిపోవునపుడును లెక్కచేయక అయిదుసార్లు తోసినచో ఊయల పెరుగునా?

లెక్క అక్కరలేకుండ అదే సంగతిని చూపు సాక్ష్యము ఇంకొకటి కలదు. తీగకట్టు జారకముందును, జారిన తరువాతను వీచినది ఆ గాలియే. ఊపు మాత్రము నిముషమునకు 36 నుండి 14కు దిగినది. లయను గాలి ఇచ్చినదైనచో గాలి మారకుండ లయ ఎట్లు మారినది? మారినది వంతెన. కట్టు జారి మెలికకు దారి ఇచ్చినది, వంతెన ఆ క్రొత్త తీరునకు తగిన తన సహజ పౌనఃపున్యమును ఎన్నుకొన్నది.

నిజముగా జరిగినది వయొలిన్ తీగకు జరుగుదాని వంటిది. రోడ్డు ఇంచుక మెలిక తిరుగగానే గాలికి ఎదురుగా నున్న దాని కోణము మారును. కోణము మారగా గాలి ఒత్తిడి మారును. ఆ మార్పు రోడ్డు కదలు దిక్కుననే సహాయముగా పడినచో ప్రతి ఊపులోను గాలినుండి వంతెనకు శక్తి చేరును. గాలి తక్కువైనపుడు ఉక్కులోను, కీళ్ళలోను ఉన్న ఘర్షణ ఆ శక్తిని మ్రింగివేయును. ఒక హద్దు వేగము దాటిన తరువాత మ్రింగలేదు, అప్పుడు ఊపు పెరుగుచునే పోవును. విమానపు రెక్కల విషయములో ఇంజనీరులు ఇట్టి కంపనమును ముందే ఎరుగుదురు. వంతెన కదలికవలన పుట్టిన సుడులు కూడ వంతెన లయతోనే విడుచును గాని, అవి ఫలితము, కారణము కావు. బస్సు అద్దమునకు పెట్టిన పరీక్ష ఇచట పెట్టి చూడుడు. ఇంజను వేగము దాటగానే అద్దము ఊరుకొన్నది. వంతెన మెలికకు అట్టి విశ్రాంతి లేదు. గాలి హద్దు దాటి ఎంత హెచ్చినచో అంత చేటు.

ఇది క్రొత్త మాట కాదు. 1941లో అమ్మన్, ఫాన్ కార్మన్, వుడ్రఫ్ అనువారు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలోనే సుడులతో అనునాదము ముఖ్యకారణమగుట అసంభావ్యమని చెప్పినారు. 1991లో బిల్లా, స్కాన్లన్ అను ఇరువురు అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో పాఠ్యపుస్తకముల పొరపాటును ప్రత్యేకముగా ఎత్తి చూపినారు. అయినను పుస్తకములు మారుట చాల నెమ్మది. న్యాయముగా ఒక మాట ఒప్పుకొనవలెను. కూలుటకు ముందు నెలలలో కనబడిన చిన్న చిన్న నిలువు అలలకు సుడుల లయతో సంబంధము ఉన్నదనుట సబబే. వంతెనను కూల్చినవి ఆ అలలు కావు.

ఈ కథ ఇంతగా పాకుటకు దాని చలనచిత్రము ముఖ్యకారణము. టకోమాలోని ఒక కెమేరా దుకాణమునకు చెందిన బార్నీ ఇలియట్, ఆయన సహచరుడు తీసిన ఆ చిత్రమును 1998లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చినారు. చూచినవారు మరువలేరు, అందుకు సందేహము లేదు. కాని పాఠముగా దానికి రెండు లోపములున్నవి. మొదటిది వేగము. సెకండుకు 16 బొమ్మల చొప్పున తీసిన భాగములను 24 చొప్పున నడుపుటచేత, నిముషమునకు 12 మెలికలు తెరపై 18గా కనబడుచున్నవని 2015లో డాన్ ఓల్సన్, ఆయన సహచరులు చూపినారు. సహజ పౌనఃపున్యమును గూర్చిన పాఠములో ఆ పౌనఃపున్యమే తప్పుగా కనబడుట విచిత్రము! గడియారము పట్టి తెరపై మెలికలు లెక్కించి, 18 వచ్చినదా 12 వచ్చినదా చూచుట పిల్లలకు చక్కని అభ్యాసము. రెండవ లోపము ఇంకను లోతైనది. చిత్రములో వంతెన కనబడును, గాలి కనబడదు. శక్తి ఎటునుండి, ఏ క్షణమున వచ్చినదో కన్ను చెప్పలేదు. చూచువాడు ఆ ఖాళీని తాను ముందే నేర్చిన మాటతో నింపుకొనును.

పేరులో ఏమున్నదని కొందరు మిత్రులు అడుగుదురు. వ్యాధి పేరు తప్పినచో మందు తప్పును. పుస్తకములోని మాటయే నిజమైనచో, వంతెన పౌనఃపున్యమును గాలి లయకు ఇంచుక అటునిటు జరిపినంతనే చాలును. 1950లో అదే చోట తిరిగి కట్టినవారు అట్లు చేయలేదు. పలకల దూలములకు బదులు గాలి దూరిపోవు 33 అడుగుల ఎత్తు గల అల్లిక దూలములు పెట్టినారు, వెడల్పు పెంచినారు, రోడ్డులో గాలికి సందులు విడిచినారు. నమూనాను ముందుగా గాలి సొరంగములో పరీక్షించినారు.

సైనికుల కథకు కూడ ఇటీవల ఒక అనుబంధము వచ్చినది. 2000 జూన్ 10న లండనులో థేమ్స్ నదిపై తెరచిన మిలీనియం నడకవంతెన జనము నడువగా ప్రక్కలకు ఊగినది. రెండు దినములలో మూసివేసి, ఊపును హరించు సాధనములు అమర్చి 2002లో తిరిగి తెరచినారు. ఆ జనము కవాతు చేయలేదు. వంతెన కదలగా తూలకుండ నిలద్రొక్కుకొనుటకు ప్రతివాడును పెట్టిన అడుగే వంతెనకు శక్తినిచ్చినది. అందరి అడుగులు కలియకయే ఊపు మొదలుకాగలదని 2021లో ప్రకటితమైన పరిశోధన చెప్పుచున్నది. అనగా ఇచటను ఋణావరోధమే. జనసంఖ్య ఒక హద్దు దాటువరకు వంతెన నెమ్మదిగా ఉండుట, దాటగానే చెలరేగుట, టకోమా గాలివేగపు హద్దును జ్ఞప్తికి తెచ్చుచున్నది.

ఇక భూకంపపు వాక్యము. మన పదునొకండవ తరగతి పిల్లలు ఏండ్ల తరబడి చదివిన ఒక పుస్తకములో, భూకంపములో పొట్టివియు, ఎత్తైనవియు చెక్కుచెదరవనియు, మధ్యరకపువి కూలుననియు ఉన్నది. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరములో ఇట్లే జరిగినది. పసిఫిక్ తీరమున, వందలాది కిలోమీటర్ల దూరమున పుట్టిన తరంగములు, ఒకప్పటి సరస్సు అడుగున పేరుకొన్న మెత్తని బంకమట్టిని రెండు సెకండ్లకు ఒకసారి చొప్పున చాలసేపు ఊపినవి. ఆరు మొదలు పదునైదు అంతస్తుల భవనములు ఎక్కువగా దెబ్బతిన్నవి. అంతస్తుకు సెకండులో పదవవంతు చొప్పున ఆవర్తన కాలము లెక్కించినచో పది అంతస్తులకు ఒక సెకండే కదా అని చురుకైన విద్యార్థి అడుగవచ్చును. పగుళ్ళు పడినకొలది భవనపు బిరుసు తగ్గి ఆవర్తన కాలము పెరుగును. సహజ పౌనఃపున్యము వస్తువునకు పుట్టుమచ్చ వంటిది కాదు. దెబ్బతిన్నకొలది అది జారును.

ఆ బంకమట్టి, ఆ దూరము లేనిచోట ఈ సూత్రము నిలువదు. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున మహారాష్ట్రములోని కిల్లారి ప్రాంతమున భూమి కంపించినది. ఆ కంపము హైదరాబాదు వరకు తెలిసినది. వేలాది మంది నిద్రలోనే ప్రాణములు విడిచినారు. అచట మధ్యరకపు భవనములు ఎక్కడివి? కూలినవి ఒంటి అంతస్తు ఇండ్లు. బురదతో పేర్చిన మందపు రాతిగోడలు, వానిపై కర్ర దూలములు, దూలములపై అడుగుల మందమున మట్టి కప్పు. గోడ లోపలి వరుసకును వెలుపలి వరుసకును కట్టుబాటు లేక రెండుగా చీలినవి. రాతికట్టుకు బిరుసు ఉన్నది, పౌనఃపున్యము ఎక్కువే. తరంగముల లయతో పొత్తు కుదిరినదా లేదా అనునది అచట మొదటి ప్రశ్న కాదు. గోడలు ఒకదానినొకటి పట్టుకొనలేదు.

మన దేశపు భూకంప నిర్మాణ ప్రమాణము 1893 సంఖ్య గలది. దాని 2016 ముద్రణ ప్రకారము అత్యధిక గుణకము పడునది సెకండులో పదవవంతు మొదలు పదింట నాలుగువంతుల వరకు ఆవర్తన కాలము గల కట్టడములకు. మెత్తని నేలలో ఆ పరిధి ఇంకను పెరుగును. అనగా స్థూలముగా ఒకటి మొదలు నాలుగు అంతస్తుల ఇండ్లు. పుస్తకము చెక్కుచెదరవని చెప్పినవానికే ఇంజనీరు ఎక్కువ బలము లెక్కకట్టుచున్నాడు. పల్లెలో ఒంటి అంతస్తు ఇంటిలో నిదురించు పిల్లవానికి మనము ఏ మాట నేర్పుచున్నాము?

పుస్తకములు మారువరకు ఆగనక్కరలేదు. ప్రశ్నపత్రములు మన చేతిలోనే ఉన్నవి. అనునాదమునకు మూడు ఉదాహరణములిమ్మను ప్రశ్నను కొంతకాలము విడిచి, ఈ విధముగా అడిగి చూడవచ్చును. బస్సు కిటికీ, వయొలిన్ తీగ, కీచుమను సుద్దముక్క, తీసిన తలుపు కిర్రుమనుట, శ్రుతిదండమును పట్టగా మ్రోగు గాలిస్తంభము, వీనిలో బయటి బలమునకు సొంత లయ ఉన్నవేవి, లేనివేవి? శక్తి ఎచటినుండి వచ్చుచున్నది? వేగమును ఇంకను పెంచినచో ఏది ఆగిపోవును, ఏది ఆగదు? ప్రయోగశాలలో పరికరములు లేని పాఠశాలలో ఒక కాగితపు పీలికను పెదవుల క్రింద పట్టి ఊదినను చాలును. మెల్లగా ఊదినపుడు పీలిక లేచి నిలుచును. వేగము పెంచగా ఒక హద్దు దాటిన క్షణమున దడదడలాడ మొదలిడును. ఇంకను గట్టిగా ఊదుడని పిల్లలతో చెప్పి, అది ఆగునేమో వారినే చూడనిండు.